పొట్లం ఆత్మారాం పగ

ఆత్మారాంకు ఒక శత్రువు ఉన్నాడన్న సంగతి బోధన్ పట్టణానికి తెలియదు. ఆ మాటకొస్తే శత్రువుకే తెలియదు. ఏ వైరానికైనా మామూలుగా ఇద్దరు మనుషులు కావాలి. ఆత్మారాం జీవితంలో ఏ పనికీ రెండో మనిషి దొరకలేదు గనక, వైరాన్ని కూడా ఏళ్ల తరబడి ఒక్కడే, ఒకరి సాయం అడగకుండా, నడుపుకొస్తున్నాడు.

పాత బస్టాండు వెనక సందులో భోజన్న కిరాణా దుకాణం ఉంది. మీసం రాని వయసులో అందులో పొట్లాలు కట్టడానికి చేరిన ఆత్మారాం, మీసం నెరిసినా అందులోనే ఉన్నాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, కూలి చేతికొచ్చిన సాయంత్రాలు దుకాణం ముందు జనం తోసుకునేవారు. ఆత్మారాం పొట్లానికి దారం కట్టేవాడు కాదు. పాత పేపరును గరాటులా చుట్టి, సరుకు పోసి, పైఅంచులు ఒకదాని మీదొకటి వాల్చి, చివరి కొసను తీసుకుపోయి మొదటి మడతలోకి దూర్చి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. ఆ నొక్కుకు అతను పెట్టుకున్న పేరు తాళం మడత. అది పడ్డాక పొట్లం సంచిలో సైకిల్ హ్యాండిల్‌కు వేలాడుతూ చందూర్ దాకా పోయినా ఒక్క చక్కెర పలుకు రాలేది కాదు.

తర్వాత కవర్లొచ్చాయి. ఆత్మారాం వాటిని శత్రువులుగా ప్రకటించలేదు; ఆ పదవికి తగినవాడు ఇంకా రావలసి ఉంది. భోజన్న అతన్ని తీసెయ్యకుండా తక్కెడ దగ్గర కూర్చోబెట్టాడు. ఖాళీగా ఉన్న వేళ్లు ఖాళీగా ఉండలేక కాగితాలు మడవడం మొదలుపెట్టాయి. పెళ్లిపత్రికతో కొంగ, క్యాలెండర్ షీటుతో నెమలి, ఎన్నికల కరపత్రంతో చెరుకు బండి, బండికి రెండు ఎద్దులు. కత్తెర ముట్టడు, లయి ముట్టడు. కత్తెర అతని దృష్టిలో హింస. మైదాపిండి ఉడికించి చేసే ఆ జిగురు అతని దృష్టిలో అవినీతి.

పెళ్లి కాలేదు. ప్రయత్నం జరగలేదని చెప్పడం అన్యాయం. వర్ణి దగ్గర ఒక సంబంధానికి పోయి, వాళ్లు కట్టిచ్చిన మిఠాయి పొట్లాన్ని తిప్పి చూసి, అది ఎక్కడెక్కడ తప్పుగా మడిచారో పిల్ల తండ్రికి వివరించి వచ్చాడు. అక్కడితో ఆ అధ్యాయం ముగిసింది. స్నేహితులంటే అతనికి తెలిసిన వాళ్లు రెండు రకాలు: అరువు అడిగేవాళ్లు, అడగబోయేవాళ్లు. అందుకని సాయంత్రం దుకాణం మూయగానే ఆచన్‌పల్లిలోని ఒంటిగదికి పోయి, తలుపు గడియ పెట్టుకుని, కొంగల మధ్య కూర్చునేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక వర్షాకాలం రామ్‌దాస్ వచ్చాడు. నిజామాబాద్ మనిషి, పెళ్లిళ్లకూ పండుగలకూ డెకరేషన్ చేస్తాడు. బోధన్‌లో ఒక గణపతి మండపం పని ఒప్పుకుని, అగరొత్తుల కోసం దుకాణానికి వచ్చి, తక్కెడ పక్కన కాగితపు హంసను చూసి అక్కడే నిలబడిపోయాడు. "గిది నువ్వు జేసినవా అన్న? లయి లేకుంటనా? నీ అయ్య, గిదేం చెయ్యే" అన్నాడు. తర్వాత రోజూ వచ్చి నూనె డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. చాయ్ తెప్పించాడు. ఆగకుండా మాట్లాడాడు. ఆత్మారాం జీవితంలో అరువు అడగకుండా అంతసేపు కూర్చున్న మనిషి అతనే. ఆ వారం ఆత్మారాం దేవుడి వెనక పెట్టడానికి బండి చక్రమంత తామరపువ్వు మడిచాడు. మడుస్తూ మడుస్తూ, తనకూ ఒక దోస్తు ఉన్నాడేమో అని ఒకటి రెండుసార్లు అనుమానపడ్డాడు కూడా.

నిమజ్జనానికి ముందు రామ్‌దాస్ చేతికి మైకు వచ్చింది. టెంటు వేసినాయన పేరు చెప్పి దండం పెట్టాడు. లైట్ల ఆయన పేరు, ఆయన బావమరిది పేరు చెప్పాడు. జనరేటరు ఇచ్చినవాడి పేరు ఇంటిపేరుతో సహా చెప్పాడు, ఆ జనరేటరు మూడుసార్లు ఆగిపోయినా సరే. జనం మధ్యలో ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డ ఆత్మారాం వంతు వచ్చేసరికి, "ఇగ మన పొట్లపాయన గూడ జర చెయ్యేసిండు" అన్నాడు.

జనం నవ్వారు. రామ్‌దాస్ కూడా నవ్వాడు. మర్నాటి నుంచి ఆత్మారాం పేరు బోధన్‌లో పొట్లం అయింది. పిల్లలు పొట్లం తాత అన్నారు, పెద్దలు పొట్లం అన్నారు, భోజన్న కొన్నాళ్లు మొహమాటపడి చివరికి తనూ పొట్లం అన్నాడు. పేరు పోయినందుకు ఆత్మారాం అంత బాధపడలేదు. కొంచెమని అర్థం వచ్చే ఆ 'జర' అన్న మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. బండి చక్రమంత తామరపువ్వు, జర.

ఆ రోజు నుంచి అతని ఏకాంతానికి ఒక వ్యాపకం దొరికింది. పగ అనేది శ్రద్ధగా చూసుకుంటే పాడి గేదె కంటే ఎక్కువ పని పెడుతుంది. పొద్దున లేవగానే దాని సంగతి చూడాలి, పడుకునే ముందు దాని సంగతి చూడాలి. రామ్‌దాస్ వేసిన మండపం కూలినట్టు, కూలిన గుడ్డల కింద రామ్‌దాస్ ఉన్నట్టు, జనం నవ్వుతున్నట్టు ఆత్మారాం ఊహించుకునేవాడు. ఆ ఊహలో మెరుగులు దిద్దడమే ఆదివారం పని. నల్ల కాగితంతో రామ్‌దాస్ బొమ్మ మడిచి తక్కెడ మీది పెద్ద రాయి కింద పెట్టాడు. భోజన్న అడిగితే, రాయి కదలకుండా అన్నాడు.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న ఆషాఢానికి ముందు, రామ్‌దాస్ తనంత తనే నడిచి వచ్చాడు. పొట్ట పెరిగింది, జుట్టు తగ్గింది, మాట మాత్రం తగ్గలేదు.

"ఆత్మారామన్నా, బాగున్నవా? అట్లనే ఉన్నవ్ కదనే. నేను సూడు, ఎట్లయిన్నో" అంటూ అదే నూనె డబ్బా బోర్లించుకున్నాడు. చేతులు ముందుకు చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. "చక్కెర బీమారి. వేళ్లు మొద్దువారినయ్. పువ్వు మడిస్తే ఉల్లిగడ్డ అయితున్నది."

"అయితే?" అన్నాడు ఆత్మారాం.

"ఊర పండుగకు మా గల్లీ తరఫున అమ్మోరికి తొట్టె ఎత్తాలె. పెద్దది. పట్నమంతా సూస్తది. నేనే జేస్తనని ఒప్పుకున్న. జెయ్యకుంటే ఇజ్జత్ పోతది. నువ్వు తప్ప ఎవలున్నరు నాకు?"

తొట్టె అంటే వెదురు బద్దల చట్రానికి రంగు కాగితాలు తొడిగి, అమ్మవారికి ఉయ్యాలగా సమర్పించే కట్టడం. నిజామాబాద్‌లో ఊర పండుగ రోజున కర్రతో చేసిన గ్రామదేవతల విగ్రహాలు ఖిల్లా నుంచి బయలుదేరితే దారి పొడవునా పట్నం పట్నమే నిలబడుతుంది. ఇన్నేళ్ల ఆదివారాల్లో ఆత్మారాం ఊహ అంత జనాన్ని ఎప్పుడూ పోగు చేయలేకపోయింది. మనసులో ఒక మడత మరో మడతలోకి వెళ్లి ఇమిడింది.

"చేస్త" అన్నాడు.

అంత తొందరగా ఒప్పుకుంటాడని అనుకోని రామ్‌దాస్ కళ్లు తడిచేసుకున్నాడు. "గందుకే నువ్వంటే నాకు..." అని ఏదో అనబోయాడు. ఆత్మారాం తక్కెడ తుడుస్తున్నట్టు తల తిప్పుకున్నాడు. రాయి కింద నల్ల కాగితపు రామ్‌దాస్ కూడా కొంచెం కదిలినట్టనిపించింది.

పథకం మహా సరళం. తొట్టె పూలన్నీ, పిట్టలన్నీ లయి లేకుండా ఒకదాని కొస ఒకదాని కడుపులో దూర్చి అల్లుతాడు. అంతస్తు మీద అంతస్తుగా ఆ అల్లికంతా దిగి వచ్చి చట్రం అడుగున ఒకే ఒక తాళం మడతలో ముగుస్తుంది. న్యాయంగా అయితే అక్కడ పెళ్లిపత్రిక లాంటి మందపు అట్ట ఉండాలి. ఆత్మారాం అక్కడ పతంగులు చేసే పలుచటి కాగితం పెడతాడు. ఆషాఢంలో వాన రాకుండా పోదు. నాలుగు చినుకులకు తాళం కరుగుతుంది. పట్నం నడిబజారులో రామ్‌దాస్ చేతిలో ఉత్త వెదురు బద్దలు మిగులుతాయి. అప్పుడు జనం నవ్వుతారు. ఈసారి నవ్వు ఎవరిదో, ఎవరి మీదో ఆత్మారాం ముందే నిర్ణయించాడు.

భోజన్న దగ్గర సెలవు తీసుకుని నిజామాబాద్ పోయాడు. రామ్‌దాస్ ఇల్లు గాజుల్‌పేటలో ఒక సందు చివర. ముందుగదిలో చట్రం నిలబెట్టి, చుట్టూ కాగితాలు పరుచుకుని ఆత్మారాం పగ తీర్చుకోవడానికి కూర్చున్నాడు. పగ తీర్చుకునేవాడికి వేళకు భోజనం అందించడం ఆ ఇంటి ఆచారం అయినట్టుంది. రామ్‌దాస్ భార్య సుమన పొద్దున జొన్నరొట్టె, పచ్చిపులుసు, మధ్యాహ్నం అన్నం, పుంటికూర పప్పు తెచ్చి ముందు పెట్టేది.

"ఇంకో రొట్టె ఏసుకో అన్న. నువ్వు తింటలేవు" అనేది.

శత్రువు ఇంట్లో తినకూడదన్న నియమం ఆత్మారాంకు ఉంది. కానీ పచ్చిపులుసు విషయంలో ఆ నియమం ఏం చెబుతుందో స్పష్టత లేదు. తిన్నాడు.

రామ్‌దాస్ రోజంతా ఎదురుగా కూర్చుని మాట్లాడేవాడు. పని చేయలేని మనిషి మాట్లాడకుండా ఉండగలడా? కాగితాలు రంగుల వారీగా అందించేవాడు, తప్పు రంగు అందించేవాడు, ఆత్మారాం విసుక్కుంటే సంతోషించేవాడు. మధ్యాహ్నం ఫ్యాను తిప్పితే కాగితాలు ఎగురుతాయని, ఫ్యాను బంద్ చేసి తనూ ఆ ఉక్కలోనే కూర్చునేవాడు. బయటికి పొమ్మంటే పోయేవాడు కాదు. ఈ ప్రవర్తనకు ఏమని పేరు పెట్టాలో ఆత్మారాంకు తోచలేదు. వేధింపు అని రాసుకున్నాడు మనసులో.

ఒక రోజు తింటూ తింటూ, అతి మామూలుగా, ఆత్మారాం అసలు సంగతి కదిపాడు.

"గా బోధన్ గణపతి యాదికున్నదా నీకు?"

"ఎందుకుండదు? వాన కొట్టింది, జనరేటర్ బందయింది. నీ తామరపువ్వు సూసి ఒక ముసలవ్వ దండం పెట్టి, దేవునికి పెట్టుడు మర్చిపోయింది. మస్తు నవ్వుకున్నం."

"మైక్‌ల నువ్వు మాట్లాడినవ్."

"మాట్లాడే ఉంట. మైకు దొరికితే నేను ఇడుస్తనా?"

"ఏం మాట్లాడినవో యాదికున్నదా?"

రామ్‌దాస్ ముద్ద చేతిలో పట్టుకుని నిజాయితీగా ఆలోచించాడు. "లేదే. ఏమన్న తప్పుగ మాట్లాడిన్నా?"

ఆత్మారాం పచ్చిపులుసు జుర్రాడు. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందో తిట్టు వస్తుందో అతనికే తెలియలేదు. ఇన్నేళ్లు తను రాత్రింబవళ్లు నడిపిన కేసులో ముద్దాయి ఒక్క వాయిదాకు కూడా రాలేదు, సమన్లే అందలేదు. అంతలో సుమన వంటగది నుంచి, "గాయనకు మైకు దొరికితే పెండ్లాం పేరు గూడ మర్చిపోతడన్న" అంది. "గని నీ పేరు మాత్రం మర్వడు. నాకు బోధన్ల ఒక దోస్తున్నడు, ఒక్కడే దోస్తు అంటడు. ఇంటికి ఎవలొచ్చినా గదే ముచ్చట."

"ఎవలు?" అన్నాడు ఆత్మారాం.

"ఎవలేంది? నువ్వే."

జప్తు నోటీసు అందుకున్నవాడిలా కూర్చుండిపోయాడు ఆత్మారాం. తనను అడగకుండా, తన సంతకం లేకుండా, ఇన్నేళ్లుగా తనను ఒకరు దోస్తుగా వాడుకుంటున్నారు. చట్టప్రకారం ఇది చెల్లుతుందా?

"దోస్తయితే ఇన్నేండ్ల సంది ఒక్కపారి గూడ రాలేదేంది?" అనేశాడు.

"నువ్వు రమ్మన్లే కదనే" అన్నాడు రామ్‌దాస్. "నువ్వు గడియపెట్టుకుని ఉంటవని భోజన్న చెప్పిండు. నీకు పరేశాన్ ఎందుకని."

పండుగ ముందు రోజు వానమబ్బు పట్టింది. రామ్‌దాస్ ఎక్కడి నుంచో పెద్ద ప్లాస్టిక్ పట్టా తెచ్చి తొట్టె మీద కప్పబోయాడు. ఆత్మారాం పథకంలో పట్టా లేదు.

"అమ్మోరి తొట్టెకు రెయిన్‌కోటా?" అన్నాడు. "పట్టా కప్పితే ఏం కనవడ్తది? నా పని కవర్ల కిందికి పంపుతవా?"

"తడిస్తే మరి?"

"తడిస్తే తడుస్తది. నా మడత గట్టిది."

రామ్‌దాస్ ఒక్క క్షణం మబ్బు వైపు, ఒక్క క్షణం ఆత్మారాం వైపు చూశాడు. "నువ్వు చెప్పినవంటే సరే" అని పట్టా మడత పెట్టి అటక మీద పడేశాడు.

ఆ 'సరే' ఆత్మారాంను ఇబ్బంది పెట్టింది. రెండు మాటలు ఎక్కువ వాదించినా బాగుండేది. రామ్‌దాస్ గల్లీ పెద్దలను పిలవడానికి పోయాక, ఇంట్లో ఎవరూ చూడకుండా ఆత్మారాం తొట్టె కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. పైన గులాబి రంగు పతంగి కాగితంతో తను వేసిన తాళం. చేతిలో ఒక మందపు పెళ్లిపత్రిక. పాత తాళం తీసి ఇది దూరిస్తే పెద్ద వాన వచ్చినా తొట్టె నిలబడుతుంది. పగ మాత్రం నిలబడదు. అతను పత్రికను నాలుగు మడతలు పెట్టాడు. కొస వంచాడు. వేలితో పాత తాళం అంచు పట్టుకున్నాడు కూడా.

అప్పుడే తలుపు దగ్గర అడుగుల చప్పుడు, వెనకే రామ్‌దాస్ గొంతు: "సూడుండ్రి, గీయనే మన పొట్లమన్న. మొత్తం గీయన చెయ్యే. నేను జర రంగులు అందిచ్చిన."

'పొట్లం' అన్న మాట ఆత్మారాం చెవిలో పడింది. దాని వెనక వచ్చిన మాటలు పడలేదు. పడి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగేది. అతను తొట్టె కింది నుంచి లేచి, చొక్కా దులుపుకుని, గల్లీ పెద్దల నమస్కారాలు అందుకుని, పెళ్లిపత్రికను జేబులో పెట్టుకున్నాడు.

పండుగ రోజు ఖిల్లా దగ్గర డప్పులు మొదలయ్యాయి. పసుపు, కుంకుమ, వేపమండలు, పోతరాజుల వీరంగం. దేవతల ముందు నడిచేవాళ్లు దారి పొడవునా 'సరి' చల్లుతున్నారు. బలి తర్వాత కలిపిన ఆ తవుడూ గింజలూ పిడికెడు దొరికితే చాలు, ఇంటి మీద చల్లితే రోగం రాదు, చేలో చల్లితే పురుగు పట్టదు. అందుకని జనం ఒకరి మీద ఒకరు పడి ఏరుకుంటారు. పొందికగా చీర కట్టుకున్న పంతులమ్మలు కూడా ఆ రోజు మోచేతులు వాడతారు. రామ్‌దాస్ గల్లీ తొట్టె వెనకగా కదులుతోంది. రామ్‌దాస్ తలపాగా చుట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఆత్మారాం ఒక బట్టల దుకాణం మెట్టు మీద, అన్నీ బాగా కనిపించే చోట నిలబడ్డాడు. పగకు ఎత్తు అవసరం.

పెద్దబజార్ మలుపు దగ్గర చినుకులు మొదలయ్యాయి. తర్వాత వాన. తొట్టె మీది పిట్టలు నల్లబడి వంగాయి. అడుగున గులాబి కాగితం రంగు కారడం అక్కడి నుంచే కనిపించింది. తాళం వీడింది.

తొట్టె ఒక్కసారిగా కూలలేదు. అతని మడతలు అతని మాట కూడా వినలేదు. కింది అంతస్తు పువ్వులు ఒకటొకటిగా విచ్చుకున్నాయి, తర్వాత పై అంతస్తు పిట్టలు, ఆపైన కొంగలు, నెమళ్లు. అన్నీ రెక్కలు విప్పుకుంటూ, గిరగిరా తిరుగుతూ, వానతో కలిసి జనం మీద పడ్డాయి. రామ్‌దాస్ తలెత్తి చూస్తూ కొయ్యబారిపోయాడు. డప్పులు ఆగాయి. ఆత్మారాం మొదటి నవ్వు కోసం చెవులు రిక్కించాడు.

ముందు వరసలో తడిసి ముద్దయిన ఒక ముసలామె, వసంతమ్మ అని తర్వాత తెలిసింది, పైనుంచి రాలిన కొంగను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది.

"తల్లి తొట్టెల కెల్లి చల్లుతున్నదే" అంది. "సరి చల్లుతున్నది తల్లి."

అంతే. ముందున్నవాళ్లు వంగారు, వెనకవాళ్లు వాళ్ల మీద నుంచి వంగారు. ఒక పువ్వుకు నలుగురు, ఒక నెమలికి ఒక కుటుంబం. కానిస్టేబుల్ ఒకతను లాఠీ చంకలో పెట్టుకుని పిట్ట తోకను భద్రంగా టోపీలో దాచుకున్నాడు. తడి కాగితం చినిగితే చినిగిన ముక్క కూడా ఎవరూ వదల్లేదు. కెమెరా పట్టుకున్న ఒక కుర్రాడు రామ్‌దాస్ దగ్గరికి పరుగెత్తాడు. రామ్‌దాస్ అప్పటికి ఏడుస్తున్నాడు.

"నాదేం లేదు" అంటున్నాడు. "ఆత్మారాం అని మా దోస్తు, బోధన్. వానకు తొట్టె పువ్వులెక్క ఎట్ల ఇచ్చుకోవాలెనో గట్ల మడిచిండు. నాకు గూడ చెప్పలే సూడు, ఎంత గుంభనం మనిషో."

ఆత్మారాం మెట్టు మీద అలాగే నిలబడి ఉన్నాడు. అతని జీవితంలో అతన్ని దోచుకున్నవాళ్లు తక్కువ. ఒక్క మధ్యాహ్నంలో ఒక పట్నం మొత్తం కలిసి దోచుకోవడం ఇదే మొదలు. ఇన్నేళ్ల పగను ఏరుకుని, కొంగులో కట్టుకుని, పొలాలకు తీసుకుపోతున్నారు.

సాయంత్రం రామ్‌దాస్ ఇంట్లో గల్లీ జనం వచ్చి పోయాక ముగ్గురే మిగిలారు. సుమన చాయ్ తెచ్చింది. ఆత్మారాం గ్లాసు ముట్టలేదు.

"నేను కావాలనే పడగొట్టిన" అన్నాడు.

"తెల్వదా నాకు? కావాలనే ఇచ్చుకునేటట్టు జేసినవ్" అన్నాడు రామ్‌దాస్.

"ఇచ్చుకునుడు కాదు. కూలుడు. నీ ఇజ్జత్ తియ్యనీకె."

"మజాక్ చెయ్యకు అన్న."

ఇంత కష్టపడి చేసిన ద్రోహాన్ని ఒప్పుకుంటుంటే కూడా నమ్మని మనిషి మీద ఆత్మారాంకు కొత్తగా కోపం వచ్చింది. "తాళం కాడ పతంగి కాగితం పెట్టిన" అన్నాడు.

రామ్‌దాస్ నవ్వు సగంలో ఆగింది. ఎంతైనా జీవితమంతా కాగితాల మధ్య గడిపినవాడు. "పతంగి కాగితమా" అన్నాడు నెమ్మదిగా. "అడుగునా?"

"అడుగునే."

"పట్టా వద్దన్నది గూడ..."

"గందుకే."

ఎందుకని సుమన అడిగింది. ఆత్మారాం చెప్పాడు. గణపతి, మైకు, టెంటు ఆయన, లైట్ల ఆయన, జనరేటరు, 'పొట్లపాయన', 'జర'. ఇన్నేళ్లు తనకు తనే వినిపించుకున్న ఫిర్యాదు కాబట్టి ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చెప్పడం అయ్యేసరికి చాయ్ మీద మీగడ కట్టింది.

రామ్‌దాస్ లేచి నిలబడ్డాడు. క్షమించమంటాడేమో, కాళ్లు పట్టుకుంటాడేమో అని ఆత్మారాం భయపడ్డాడు. దానికి ఏ జవాబూ సిద్ధం చేసుకోలేదు.

"గా ఒక్క మాటకు?" అన్నాడు రామ్‌దాస్. గొంతు లేచింది, కోపంతో. "గప్పుడే వచ్చి నా గల్ల పట్టుకుంటే ఏం బోయింది నీది? తిట్టుంటే ఏం బోయింది? నేను తప్పు జేస్తే నాకు జెప్పాలె గద. ఇన్నేండ్లు కడుపుల పెట్టుకొని, నా ఇంట్ల కూసుండి, నా పెండ్లాం చేతి రొట్టె తినుకుంట, నా నెత్తి మీదికెల్లి అమ్మోరి తొట్టె పడగొడ్తవా?"

"పచ్చిపులుసు రెండు మాట్ల అడిగి ఏపిచ్చుకున్నడు" అంది సుమన. ఆమె గొంతు కూడా మారిపోయింది.

"నడువ్" అన్నాడు రామ్‌దాస్ తలుపు చూపిస్తూ. "గిది నేను ఎవ్వలికి చెప్ప. చెప్తే నా ఇజ్జత్ గూడ పోతది. గని నిన్ను ఇడువ. నీ అంతు జూస్త. నువ్వు పగ వట్టుడు జూసినవ్, ఇగ నేను వట్టుడు సూడు."

బోధన్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఆత్మారాంకు, ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకుని తను నవ్వుతున్నానని చాలాసేపటికి గాని తెలియలేదు. తన మీద ఒకరికి కోపం వచ్చింది. అరిచారు. అంతు చూస్తానన్నారు. ఇన్నేళ్ల కేసులో ముద్దాయి మొదటిసారి హాజరయ్యాడు, పైగా ఎదురు దావా వేశాడు.

రామ్‌దాస్ మాట మీద నిలబడే మనిషే. ఆత్మారాంకు ఏది ప్రాణమో అతనికి భోజన్న ఎప్పుడో చెప్పి ఉన్నాడు: గడియ పెట్టిన తలుపు. సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టాడు. మరుసటి వారం నందిపేట్ నుంచి ఆడవాళ్లు ఆటో కట్టించుకుని దుకాణానికి దిగారు. పసుపు చేలో పెట్టడానికి పువ్వు కావాలి, మడవడం నేర్పితే మరీ మంచిది. "రామ్‌దాసన్న పంపిండు. ఆయన వద్దంటడు, మీరు ఇడువకుండ్రి అన్నడు." తర్వాత కమ్మర్‌పల్లి నుంచి ఒక జంట, కొడుకు దుబాయిలో ఉన్నాడు, అక్కడి గదిలో పెట్టుకోవడానికి ఒక కొంగ. "రామ్‌దాసన్న చెప్పిండు, ఇంటికాడికి పొండ్రి, పొద్దుగాల్నే పొండ్రి అని." తర్వాత కాలువ కింద వరి పండించే చెంచురామయ్య, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రైతు.

"మా పొలంలో కూడా ఒకసారి అట్లా కురిపించండి బాబూ" అన్నాడు.

"నీకు కాల్వ నీళ్లున్నయ్ గద" అన్నాడు ఆత్మారాం.

"ఉన్నయ్యండీ. ఉంటే మాత్రం, అమ్మవారు ఇస్తానంటే వద్దంటామా?"

భోజన్న దుకాణంలో అగరొత్తులు, కొబ్బరికాయలు మునుపెన్నడూ లేనట్టు అమ్ముడుపోయాయి. ఆయన రామ్‌దాస్ ఫొటో ఉంటే గోడకు పెడతానన్నాడు. ఆచన్‌పల్లి గది ముందు చెప్పుల వరస పెరిగింది. ఎవరు వచ్చినా ఆ పేరే చెప్పారు. ఆ పేరు విన్న ప్రతిసారీ ఆత్మారాం పళ్లు నూరాడు, నూరి, వచ్చినవాళ్లకు మడత చూపించాడు. వాళ్లు తప్పుగా మడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాలేదు. ఆడవాళ్లు పసుపు తెచ్చారు, చెంచురామయ్య బియ్యం తెచ్చాడు. ఏ గదిలోనైతే ఎవరూ మాట్లాడేవారు కాదో అక్కడ ఇప్పుడు పక్కింటి కోడళ్ల సంగతులు నడుస్తున్నాయి. ఇంతకంటే ఘోరమైన శిక్ష ఏ శత్రువూ ఊహించలేడని ఆత్మారాం ఒప్పుకున్నాడు. రామ్‌దాస్ మీద అతనికి గౌరవం పెరిగింది.

ఒక ఆదివారం రామ్‌దాస్ స్వయంగా వచ్చాడు. గది నిండా జనం. గడప దగ్గర నిలబడి, లోపలికి తొంగి చూసి, తన పగ ఎంతవరకు వచ్చిందో బేరీజు వేశాడు.

"ఎట్లున్నది?" అన్నాడు.

"సస్తున్న" అన్నాడు ఆత్మారాం తల ఎత్తకుండా.

"ఇంక సావాలె. వచ్చే వారం మోస్రా కెల్లి బడి పంతుళ్లను పంపుతున్న." రామ్‌దాస్ జనం మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. నందిపేట్ ఆమె చేతిలోని పువ్వు చూసి, "గా కొస అటు కాదమ్మ, ఇటు" అన్నాడు.

"అటే" అన్నాడు ఆత్మారాం.

"ఇటు."

"నీ వేళ్లు మొద్దువారినయ్. నీకేం తెలుస్తది?"

"నా వేళ్లు మొద్దువారినయ్, నీ బుద్ధి మొద్దువారింది. పతంగి కా..." అని ఆగి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, మిగతా మాట మింగేశాడు. మింగడం ఎంత కష్టమైందో ఆత్మారాంకు ఒక్కడికే కనిపించింది.

మధ్యాహ్నం దాటింది. ఆత్మారాం కాగితాలు సర్దేసి, "పొండ్రి, ఇయ్యాల్టికి బందు" అన్నాడు. ఆడవాళ్లు పువ్వులు పట్టుకుని లేచారు. చెంచురామయ్య మళ్లీ వస్తానన్నాడు. చెప్పుల వరస కరిగిపోయింది. రామ్‌దాస్ కూడా మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"నువ్వెటు పోతున్నవ్?" అన్నాడు ఆత్మారాం.

"బస్సుకు."

ఆత్మారాం అతన్ని దాటి పోయి తలుపు మూసి గడియ పెట్టాడు.

"కూసో. నీతోని లెక్క ఇంక ఒడువలే."

"ఎంతసేపయితది?"

"పగ గద" అన్నాడు ఆత్మారాం, చాయ్ గిన్నె కడుగుతూ. "టైం పడ్తది."